తీపి గోడ సరుకు

పొద్దున ఆరున్నరకి ఆ ఇంటి వంటగట్టు దగ్గర జరిగే పని చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. అత్తగారు స్టీలు ఫ్లాస్కు మూత తీసి, వేడినీళ్లతో ఒకసారి లోపల తొలిచి, బోర్లిస్తుంది. గుడ్డలో చుట్టిన నల్లటి దిమ్మ విప్పుతుంది. చూడ్డానికి అది గట్టిపడ్డ తారుముక్కలా ఉంటుంది. దాని అంచున బొటనవేలు ఆనించి, గోటి కొసనుంచి రెండో కణుపు దాకా కొలిచి, చిన్న సుత్తితో టక్కున ఒక దెబ్బ వేస్తుంది. విరిగిన ముక్కని మరిగే నీళ్లలో వేసి కరిగేదాకా గరిటె తిప్పుతుంది. నీళ్లు నల్లబడతాయి. వంటగదంతా కమ్మటి తీపి వాసన కమ్ముకుంటుంది. ఆ కషాయాన్ని ఫ్లాస్కు నిండా పోసి, మూత బిగించి, కోడలి సంచిలో నిలబెడుతుంది.

"సాయంత్రానికి ఖాళీ ఫ్లాస్కు ఇంటికి రావాలి. మిగిల్చావంటే నేనే బస్టాండుకొచ్చి మైకులో చెప్తాను, ఈ పిల్ల అత్తమాట వినదని."

"మీరు మైకు పట్టుకుంటే బస్సులు స్టాండులోకి రాకుండా బయట్నుంచి బయటికే పోతాయి అత్తయ్యా," అని కోడలు నవ్వుతూ చెప్పుల్లోకి కాళ్లు దూర్చుకుంది. కాళ్లు పూర్తిగా దూరలేదు. మడమలు వెనక్కి మిగిలాయి.

చదువుతున్నవాళ్లు ఒక్క సంగతి ఇప్పుడే తెలుసుకోవాలి. ఆ చెప్పులు నిన్న మొన్నటివి కావు, ఏడాదిగా తొడుక్కుంటున్నవే. కాళ్లు పెరిగే వయసు ఆ పిల్లకి ఎప్పుడో దాటిపోయింది. ఇంత ప్రేమగా కట్టిచ్చిన ఫ్లాస్కులోనే తేడా ఉందని ఆరోజు ఎవరైనా చెప్పి ఉంటే, ఆ వీధి వీధంతా వాళ్లమీద విరుచుకుపడేది. పగవాళ్లు పెట్టేదయితే అనుమానించి పక్కన పెడతాం. మనవాళ్లు పెట్టేదాన్ని కళ్లు మూసుకుని మింగుతాం.

కోడలు బస్టాండులో అనౌన్సరు. అందరూ మైకమ్మ అంటారు. గాజు గదిలో కూర్చుని, రోజుకి ఎనిమిది గంటలు, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫాం మీదకొస్తుందో, ఏది ఎంత ఆలస్యమో చెబుతుంది. ఆ గొంతు వినే, బస్సు కింద వెల్లకిలా పడుకుని బోల్టులు బిగించే మెకానిక్కు పానా పక్కన పడేసి బయటికొచ్చాడని డిపోలో ఇప్పటికీ ఆటపట్టిస్తారు. ఆర్నెల్లలో పెళ్లయింది. ఏడాది తిరిగేసరికి నెల తప్పింది.

ఇక అత్తగారు. ఆమెని కత్తెరమ్మ అంటారు. మూలికల కొట్టులో, బల్లకి బిగించిన పెద్ద కత్తెర ముందు ముప్పై ఒక్క ఏళ్లుగా కూర్చుని వేళ్లూ బెరళ్లూ నరుకుతోంది. ఆ కొట్టుకి రెండు గోడలు. ఎడమ గోడ పొడుగునా ఉన్న సొరుగుల్లోది చేదు సరుకు. కుడి గోడ సొరుగుల్లోది తీపి సరుకు. రాసిపెట్టిన నియమం కాదుగాని, ఆ కొట్టులో అందరికీ నాలుక మీద నిలిచిన పద్ధతి ఒకటుంది. చేదు గోడది మందు. అడిగినవాణ్ణి మనిషెవరు, వయసెంత, రోగమేమిటి అని నాలుగు ప్రశ్నలు వేసిగాని ఇవ్వరు. తీపి గోడది ఉత్త రుచి. మిఠాయిలు చేసేవాళ్లు బస్తాలకి బస్తాలు పట్టుకుపోతారు. పాటలు పాడేవాళ్లూ, బడిలో అరిచి అరిచి గొంతు పోయిన పంతుళ్లూ వచ్చి గుప్పెడు అడిగితే పొట్లం కట్టి ఇచ్చేస్తారు. ప్రశ్నలుండవు.

అతిమధురం వేరు తీపి గోడది.

కోడలు కడుపుతో ఉందని తెలిసిన రోజునే కత్తెరమ్మ కట్టుదిట్టాలు మొదలెట్టింది. చేదు గోడలో గర్భానికి గిట్టనివి ఏవేవో ఆమెకి కళ్లు మూసినా తెలుసు. వాటి దుమ్ము బట్టలకి అంటుతుందని, కొట్టులోనే బట్ట మార్చుకుని, చేతులు మోచేతుల దాకా తోముకుని ఇల్లు చేరేది. మైకమ్మకి కడుపునొప్పని పక్కింటావిడ ఏదో బెరడు తెస్తే గుమ్మంలోనే ఆపేసి, "ఇది తెచ్చినావిడకీ బుద్ధిలేదు, అమ్మినవాడికీ లేదు," అని తిట్టి కాలవలో కలిపింది. అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకోవలసిందే.

మూడో నెలలో వాంతులకి మైకమ్మ గొంతు బొంగురుపోయింది. అత్త అతిమధురం వేరు ఒకటి తెచ్చి, బొటనవేలంత కోసి, మరగబెట్టి ఇచ్చింది. గొంతు విచ్చుకుంది. అత్తకి గర్వం, కోడలికి సుఖం. అలా రోజూ ఒక గ్లాసుడు అలవాటయింది. అప్పటికి అది వేరు. దాంట్లో సగం పీచే.

అయిదో నెలలో కత్తెరమ్మ కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేవడంలేదు. యజమాని మంచివాడే. "ఇక ఈ వేళ్లు నరకడం వద్దు పెద్దమ్మా. దీని సారం దిమ్మలు డబ్బాల్లో వస్తున్నాయి. మిఠాయివాళ్లూ అవే అడుగుతున్నారు. నరకనక్కర్లేదు, విరిస్తే చాలు," అన్నాడు. బస్తాడు వేళ్లని ఉడికించి, వడకట్టి, ఆ రసాన్ని చిక్కబెట్టి ఆరబెడితే వచ్చే దిమ్మలవి. పీచు పోతుంది. సత్తువంతా మిగులుతుంది.

వేరు పోయి దిమ్మ వచ్చింది. కొలత మాత్రం మారలేదు. కత్తెరమ్మ అదే బొటనవేలు ఆనించి, అదే రెండో కణుపు దాకా కొలిచింది. ఎన్ని వేళ్ల సారం ఆ ఒక్క ముక్కలో ఇమిడి ఉందో ఆమెకీ తెలియదు, కొట్టులో ఇంకెవరికీ తెలియదు. పైగా ఇప్పుడు గ్లాసు కాదు, ఫ్లాస్కు.

ఆరో నెల వచ్చేసరికి మైకమ్మ వేలికున్న ఉంగరం రావడం మానేసింది. సబ్బు రాసినా కదల్లేదు. టికెట్టు కౌంటరులో పనిచేసే ఆవిడ, "ఒంటికి నీరు పట్టకపోతే కడుపెలా అవుతుంది. నాకైతే మొహం గుమ్మడికాయయింది, మా ఆయన రెండ్రోజులు నన్ను గుర్తే పట్టలేదు," అంది. మధ్యాహ్నానికల్లా తల వెనకవైపు సుత్తితో కొడుతున్నట్టుండేది. గాజుగది ఉక్క అనుకున్నారు. పొద్దున లేవగానే పిక్కలు మెలిపెట్టేసేవి. పిల్ల బరువు అనుకున్నారు. మెట్లెక్కుతుంటే తొడల్లో సత్తువ లేనట్టు ఆగిపోయేది. బద్ధకం అని మొగుడు వెక్కిరించాడు. ఒంట్లో ఏ బాధ పుట్టినా దానికి కడుపుతో ఉండటమే కారణమని ఎవరో ఒకరు చెప్పేవారు. ఒంట్లో ఇన్ని గంటలు మోగుతుంటే ఒక్కరూ తలెత్తి చూడలేదు.

ఏడో నెలలో ఆరోగ్యకేంద్రానికి వెళితే నర్సమ్మ చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. విప్పి, రెండు నిమిషాలు కూర్చోమని, మళ్లీ చూసింది. ఈసారి ఆవిడ మొహంలో నవ్వు లేదు.

"పోయిన నెల ఇంత లేదే. మందులేమైనా వాడుతున్నావా అమ్మాయ్?"

"మీరిచ్చిన ఐరన్ మాత్రలేనండి."

"నాటుమందులు, పసర్లు, కషాయాలు?"

కోడలు నోరు తెరిచేలోపే కత్తెరమ్మ అందుకుంది. "నర్సమ్మా, నేనెక్కడ పనిచేస్తానో తెలుసుగా. ఏది మందో ఏది మందు కాదో నాకు ఒకరు చెప్పాలా. ఈ పిల్ల కడుపుతో ఉన్నప్పట్నుంచీ మా ఇంట్లోకి ఒక్క మూలిక అడుగుపెట్టలేదు. కావాలంటే పక్కింటావిణ్ణి అడగండి, బెరడు తెచ్చినందుకు ఎన్ని తిట్లు తిన్నదో."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆమె లెక్కలో ఫ్లాస్కులోది మందు కాదు, తీపి గోడ సరుకు. కోడలి లెక్కలో అది అత్తయ్య ఇచ్చే తియ్యనీళ్లు. నర్సమ్మ కార్డు మీద ఆ గడిలో 'లేవు' అని రాసింది. ఆ రెండక్షరాలనే ఆ తర్వాత కార్డు చూసిన ప్రతివాళ్లూ నమ్మారు.

బీపీకి మాత్రలిచ్చింది. ఉప్పు తగ్గించమంది. వారానికోసారి తప్పకుండా రమ్మంది. తలనొప్పి ఎక్కువైనా, కళ్లముందు మెరుపుల్లాంటివి కనిపించినా ఒక్క నిమిషం ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లమంది.

ఇంటికి రాగానే కత్తెరమ్మ ఉప్పుడబ్బా ఎత్తి అటక మీద పెట్టేసింది. చప్పిడి తిండి తినలేక మొగుడు మొహం చిట్లిస్తే, "నీ పిల్లకోసం మూడు నెలలు నాలుక కట్టుకోలేవుట్రా," అంది. కోడలికి నోరు చేదుగా ఉంటోందని, ఒంట్లో వేడి చేసిందేమోనని ఇంకో పని కూడా చేసింది. సాయంత్రానికి రెండో ఫ్లాస్కు మొదలెట్టింది.

రెండు వారాలు అలా గడిచాయి. ఒక వారం ఆరోగ్యకేంద్రానికి వెళ్లారు. బీపీ దిగలేదు, మాత్ర పెంచారు. రెండో వారం, ఇంకో అనౌన్సరు సెలవులో ఉందని, మైకమ్మ వెళ్లలేకపోయింది.

ఆరోజు మధ్యాహ్నం బస్టాండు జనంతో కిక్కిరిసి ఉంది. "ప్రయాణికులకు గమనిక. మూడో నంబరు ప్లాట్‌ఫాం మీదకు రావలసిన బస్సు..." అని వినపడింది. తర్వాత ఏమీ వినపడలేదు. మైకు పనిచేస్తూనే ఉంది. అందులోంచి ఊపిరి మాత్రం వస్తోంది, బరువుగా, ఆగి ఆగి. సంచులు మోస్తున్నవాళ్లు నిలబడిపోయి తలెత్తి స్పీకర్ల వైపు చూశారు. డిపోలో బస్సు కింద ఉన్న మెకానిక్కు ఆ ఊపిరి గుర్తుపట్టాడు. పాకుతూ బయటికొచ్చి పరిగెత్తాడు. గాజుగది తలుపు తీసేసరికి ఆమె కుర్చీలోంచి లేవబోయి, కాళ్లు నిలవక, బల్ల పట్టుకుని వేలాడుతోంది. "నువ్వు ఇద్దరు కనపడుతున్నావు," అంది అతన్ని చూసి.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ నడివయసు మనిషి, మాటలు తక్కువ. రక్తం తీయించింది. గంటలో కాగితం వచ్చింది. దాన్ని రెండుసార్లు చదివి బయటికొచ్చింది.

"బీపీ ప్రమాదపు గీత దాటింది. తల్లికి ఫిట్స్ రావచ్చు, బిడ్డకి అందే రక్తం తగ్గిపోవచ్చు. దానికి మందు ఎక్కిస్తున్నాం. కాని రక్తంలో పొటాషియం అనే లవణం బాగా పడిపోయింది. కాళ్లలో సత్తువ పోయింది అందుకే. ఇంకా పడితే గుండె గతి తప్పుతుంది. కడుపుతో ఉన్నవాళ్లకి వచ్చే మామూలు బీపీలో ఇలా ఉండదు." ఆవిడ కార్డు తిప్పి చూసింది. "ఏ నాటుమందూ వాడలేదని రాసి ఉంది. నిజమేనా?"

"వాడలేదండి," అంది కత్తెరమ్మ. ఈసారి గొంతులో మొదటి గట్టితనం లేదు. ఎందుకు లేదో ఆమెకీ తెలియదు.

మర్నాడు పొద్దున సెలవు చెప్పడానికి కొట్టుకి వెళ్లింది. యజమాని కొత్త డబ్బా మూత ఊడదీస్తున్నాడు. మూత లోపలివైపు అంటించిన కాగితం ఒకటి ఊడి కత్తెర బల్ల మీద పడింది. ఇన్నాళ్లూ అలాంటి కాగితాలు ఊడ్చి పారేసింది ఆమె చేతులే. ఆరోజు మాత్రం కళ్లద్దాలు పెట్టుకుని చదివింది. మోతాదు మించరాదు. ఎక్కువకాలం వాడరాదు. రక్తపోటు ఉన్నవారు, గర్భవతులు వాడరాదు.

ఆమె దాన్ని మళ్లీ మొదట్నుంచి చదివింది.

"ఇందులో ఇలా ఉందని నువ్వెప్పుడూ చెప్పలేదే," అంది.

యజమాని తొంగి చూశాడు. "ప్రతి డబ్బాలోనూ వస్తుంది పెద్దమ్మా. ఎవరు చదువుతారు. మనం అమ్మేది మిఠాయిలవాళ్లకేగా."

"నాకూ ఇచ్చావు."

"నువ్వు పట్టుకెళ్లావు. ఈ కొట్టులో ఎవరికేది ఇవ్వాలో నాకు చెప్పేదానివే నువ్వు. నీకు నేను చెప్పేదేముంది." అతను నిజంగానే అర్థంకాక అడిగాడు. "ఏమైంది?"

"ఏం కాలేదు," అంది ఆమె, కాగితం మడిచి కొంగున ముడేసుకుంటూ.

ఆసుపత్రి దాకా నడుస్తూ, డాక్టరమ్మకి చెప్పెయ్యాలనే అనుకుంది. వార్డు గుమ్మంలో కొడుకు గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చేతుల మీది గ్రీజు ఇంకా పోలేదు. తల్లిని చూడగానే వాడి మొహం విప్పారింది. "వచ్చావా అమ్మా. నువ్వుండబట్టి సరిపోయింది. నువ్వంత జాగ్రత్తగా చూసుకోకపోతే ఈపాటికి ఏమయ్యేదో," అన్నాడు.

ఆమె వాడి తల నిమిరి, ఏమైనా తిన్నావా అని మాత్రం అడిగింది.

ఆమె లోపలికెళ్లి, కోడలి సంచిలోంచి ఫ్లాస్కు తీసి, కడుక్కునే తొట్టి దగ్గర వంచేసింది. నల్లటి నీళ్లు తెల్లటి పింగాణీ మీద మరకలు కట్టాయి. వేళ్లతో రుద్ది రుద్ది కడిగింది. ఆపేశాంగా, ఇక ఒక చుక్క కూడా పొయ్యం, రేపటికి అదే దిగిపోతుంది, ఎవరికీ తెలియక్కర్లేదు అనుకుంది. మనలో ఎవరం అలా అనుకోం చెప్పండి. తప్పు తెలిసిన క్షణంలో మనిషికి మొదట తట్టేది తుడుపుగుడ్డే.

మర్నాటికి దిగలేదు. ఆ తర్వాతి రోజుకీ దిగలేదు. లవణం సీసాలు ఎక్కుతున్నాయి, ఎక్కించింది ఎక్కించినట్టు ఒంట్లోంచి పోతోంది. కోడలి మొహం ఉబ్బి కళ్లు గీతలయ్యాయి. "అత్తయ్యా, నా మాట నాకే దూరంగా వినపడుతోంది," అంది ఒకసారి. ఇంకోసారి, "దాహంగా ఉంది, ఆ తియ్యనీళ్లు తెచ్చారా?" అని అడిగింది. కత్తెరమ్మ మామూలు నీళ్లు పట్టింది.

మూడోరోజు పొద్దున డాక్టరమ్మ కొడుకుని పిలిచి మాట్లాడుతోంది. కిడ్నీల మీద ఉండే గ్రంథుల్లో కణితి ఉందేమోనని అనుమానంగా ఉందనీ, ఆ పరీక్షలు ఇక్కడ లేవనీ, ఇంకో ఊరు పంపాలనీ, అయితే ఈ బీపీతో అంతదూరం ప్రయాణం ప్రమాదమనీ, పంపకపోతే కారణం తెలియకుండా వైద్యం చేస్తున్నట్టేననీ చెప్పింది. బిడ్డ గుండె కొట్టుకోవడంలో కూడా తేడా వస్తోందంది. "ఎటు చేసినా భయమే. నిర్ణయం తీసుకోండి," అంది.

కొడుకు తల్లివైపు తిరిగాడు. "ఏం చేద్దామమ్మా?"

కోడలికి లేని జబ్బుని వెతకడానికి, కడుపులో బిడ్డతో సహా, ఆ పిల్లని బండెక్కించబోతున్నారు. జబ్బేమిటో తెలిసిన మనిషి పక్కనే నిలబడి ఉంది.

"ఎక్కడికీ పంపొద్దు," అంది కత్తెరమ్మ. "కణితీ లేదు, గిణితీ లేదు. రోజూ అతిమధురం కషాయం నేనే పట్టాను."

కొంగుముడిలోంచి మడతపడిన కాగితం తీసి డాక్టరమ్మ చేతికిచ్చింది. రోజూ ఎంత ముక్క వేసిందో బొటనవేలు చూపించి చెప్పింది. ఎన్ని నెలలు, ఎన్ని ఫ్లాస్కులు, వేరు ఎప్పుడు మానేసి దిమ్మ ఎప్పుడు మొదలెట్టిందీ, మూడ్రోజుల కింద తెలిసీ ఎందుకు చెప్పలేదో కూడా చెప్పింది. ఒక్క ముక్క దాచలేదు. కొడుకు వింటూ వింటూ ఒకడుగు వెనక్కి వేశాడు. ఆ అడుగు చప్పుడు ఆమెకి వినపడింది.

డాక్టరమ్మ కేకలు వేయలేదు. కుర్చీ లాక్కుని ఆమెకి ఎదురుగా కూర్చుంది.

"అమ్మా, బాగా వినండి. ఈ వేరు ఒంట్లో ఉప్పునీ నీటినీ బిగబట్టేస్తుంది, పొటాషియాన్ని బయటికి తోసేస్తుంది. బీపీ పెంచుతుంది. మానేసిన మర్నాడే దాని ప్రభావం పోదు, రెండు మూడు వారాలు కూడా పట్టొచ్చు. అందుకే దిగలేదు. మొత్తం దీనివల్లేనని నేను చెప్పలేను, కడుపుతో ఉన్నప్పుడు వచ్చే బీపీ కూడా కలిసి ఉండొచ్చు. కాని మూడ్రోజుల కింద చెప్పుంటే మూడ్రోజులు చీకట్లో తడుముకునేవాళ్లం కాదు. మేం ఇచ్చే మందు సరిగ్గా ఉండాలంటే మీరిచ్చేది ఏమిటో మాకు తెలియాలి. మొక్కలన్నీ చెడ్డవని నేననను. వంటలో చిటికెడు వేసేది వేరు, రోజూ ఫ్లాస్కుడు తాగించేది వేరు. తియ్యగా ఉందా చేదుగా ఉందా అని ఒళ్లు చూడదు. ఎంత, ఎన్నాళ్లు, ఏ మనిషికి, ఇదే చూస్తుంది."

"పిల్లలిద్దరూ దక్కుతారా?" అని అడిగింది కత్తెరమ్మ. ఇద్దరనే అంది, కోడల్నీ కడుపులో ఉన్నదాన్నీ కలిపి.

"మాట ఇవ్వలేను," అంది డాక్టరమ్మ లేస్తూ.

ఆ సాయంత్రమే ఆపరేషను చేశారు. ఇంకా ఎనిమిది వారాలు లోపల ఉండాల్సిన ఆడపిల్ల, అరచేతి మీద అమిరేటంత, ఏడవడానికి కూడా ఓపిక లేకుండా బయటికొచ్చింది. గాజుపెట్టెలో పెట్టి, ముక్కుకి గొట్టం తగిలించారు. తల్లికి ఫిట్స్ రాలేదు. కాని బీపీ దిగినట్టే దిగి మళ్లీ లేచేది. కాన్పయిపోయింది కదా అని గుండెమీద చెయ్యేసుకోవద్దనీ, ఇంకో ఆరువారాలు ఇది పొంచి ఉంటుందనీ, మాత్రలు ఒక్కపూట తప్పకూడదనీ చెప్పారు.

కొడుకు తల్లితో మాట్లాడటం మానేశాడు. తిండి పొట్లం తెచ్చి ఆమె పక్కన పెడతాడు, మొహం చూడడు. కోడలికి తెలివి పూర్తిగా వచ్చాక సంగతంతా కత్తెరమ్మే చెప్పింది.

"నర్సమ్మ అడిగినప్పుడు మీరు లేదంటే నేనూ కాదనలేదు అత్తయ్యా," అంది ఆ పిల్ల. క్షమించిందో లేదో ఆ మాటలో తెలియలేదు.

ఆరోరోజు వార్డులో ఒక ముసలావిడ కత్తెరమ్మని వెతుక్కుంటూ వచ్చింది. ఎదుటి మంచం మీద ఆపరేషనయి పడుకున్న బాలింత తల్లి ఆవిడ. చేతిలో కాగితపు పొట్లం ఉంది.

"అక్కయ్యా, నువ్వు మూలికల కొట్టులో ముప్పై ఏళ్లు చేశావటగా. వార్డు ఆయమ్మ చెప్పింది. మా పిల్లకి పాలు చాలట్లేదు. మా వదిన ఈ పొడి పంపింది, మూడుపూటలా చెంచాడు వేసి తాగిస్తే పాలు పొంగుతాయంది. మన ఆడవాళ్ల సంగతులు ఈ డాక్టర్లకేం తెలుస్తాయి, అడిగితే వద్దంటారు. నువ్వొక్కసారి వాసన చూసి, మంచిదే అను చాలు. పట్టేస్తాను."

కత్తెరమ్మ పొట్లం విప్పింది. చిటికెడు తీసి అరచేతిలో రుద్ది వాసన చూసింది. నాలుగు దినుసులు పేరుపేరునా తెలిశాయి. అవి మంచివే. అయిదోది అంతుపట్టలేదు. ఎంత పాళ్లలో కలిపారో తెలియదు. ఎదుటి మంచం వైపు చూసింది. ఆ బాలింత తలగడ పక్కన ఏవో మాత్రల అట్టలు రెండున్నాయి. ఆ పిల్ల పక్కలో, ఎర్రటి గుడ్డలో, నాలుగురోజుల పసిగుడ్డు నోరు తెరిచి వెతుక్కుంటోంది. తల్లి మింగింది ఎంతోకొంత ఆ నోటికి చేరుతుంది.

ముసలావిడ ఆశగా చూస్తోంది. వార్డులో అటూ ఇటూ ఉన్న మంచాల మీది ఆడవాళ్లు కూడా చెవులిటే పడేశారు. కత్తెరమ్మ ఒక్క మాటంటే ఆ పొడి పదిమంది బాలింతలకి పాకుతుంది. ఎవరైనా ఇలా అడిగితే పెద్దరికంగా తలూపడం ఆమెకి ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు.

"నాకు తెలీదు," అంది.

ముసలావిడ తెల్లబోయింది. "అదేమిటి, నీకు తెలియకపోవడమేమిటి?"

"దినుసులు తెలుసు. నీ కూతురి ఒంట్లో ఏముందో తెలీదు, ఆ మాత్రలతో ఇది కలిస్తే ఏమవుతుందో తెలీదు, ఆ పసిదానికి ఏమవుతుందో అసలే తెలీదు. తెలుసనుకుని నా కోడల్ని ఆ మంచం ఎక్కించాను. నా మనవరాలు ఆ గాజుపెట్టెలో ఉంది. ఇంటికొస్తుందో రాదో ఇంకా ఎవరూ చెప్పట్లేదు." గొంతు పెంచలేదు. అయినా చివరి మంచం దాకా వినపడింది. "పద, ఈ పొట్లం పట్టుకుని ఇద్దరం డాక్టరమ్మ దగ్గరికి పోదాం. బాగుందంటే ఎంత వెయ్యాలో అడిగి, అంతే వేద్దువుగాని. వద్దంటే పాలకి ఇంకో దారి ఆవిడే చెబుతుంది."

"తిడుతుందేమో," అంది ముసలావిడ పొట్లం వెనక్కి లాక్కుంటూ.

"తిట్టనీ. తిట్లు పడితే పడ్డాం," అంటూ కత్తెరమ్మ ఆవిడ మణికట్టు పట్టుకుని లేచింది. "కడుపుతో ఉన్నదానికైనా, పాలిచ్చేదానికైనా, మనం ప్రేమతో ఇచ్చేది ఆకు కానీ వేరు కానీ పొడి కానీ, వాళ్ల నోట్లో పడకముందే డాక్టరు చెవిన పడాలి."